ఇంకో చుట్టు

ఎల్.బి.నగర్,
ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడు

సీతక్కకు,

సుక్కమ్మ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, అంటే బాగున్నాననే అనుకుంటున్నాను. పొద్దున ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. ప్రసన్నకు చెబితే "అత్తమ్మా, చెయ్యి మీద పడుకుంటే గట్లనే అయితది" అన్నది. అదే అయ్యుంటుంది. కాకపోతే ఏం చెయ్యాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో మనం పక్కపక్క వాటాల్లో కిరాయికి ఉన్నప్పుడు సందులో పీట వేసి నాకు పలక పట్టించావు. ఇవి ఆ అక్షరాలే. "పుస్తకంలో ఉన్నట్టు రాయవే, నోటికొచ్చినట్టు కాదు" అని మొట్టేదానివి. అట్లానే రాయాలని చూస్తాను. మధ్యలో నోటి మాట దూరితే నవ్వకు. ఫోను చేస్తే నీ చెవులకు అందదు, మెసేజీ కొట్టడం నా వేళ్ళకు రాదు. మనకు ఈ కాగితమే గతి.

ఉపేందర్ బడి వ్యాను మంచిగానే నడుస్తోంది. వనస్థలిపురం పిల్లలను ఎక్కించుకుని మీ దిక్కు బడిలో దింపుతాడు కదా, ఈ ఉత్తరం వాడే తెస్తాడు. పిల్లలు కిటికీలోంచి చేతులు బయట పెడతారని నాకు ఒకటే గుబులు. వాడితో అంటే "అమ్మా, కిటికీలకు జాలీ ఉన్నది" అంటాడు. జాలీ ఊడిపోతే?

నువ్వు రమ్మన్నావు. మోకాళ్ళు లేస్తలేవు అక్కా. వానలు కూడా పోలేదు. పండగ పోయాక చూద్దాం.

దసరా రోజు ఉపేందర్ బండికి ఆయిల్ మారుస్తానంటున్నాడు. వాళ్ళ నాయన పానాకు పూజ చేసి, దానితోనే మొదటి పని చెయ్యాలి గద.

సుక్కమ్మ

* * *

దిల్‌సుఖ్‌నగర్

చెల్లెలు సుక్కమ్మకు,

ఉత్తరం అందింది. మీ ఉపేందర్ గేటు దగ్గర ఇచ్చేసి, నేను మంచినీళ్ళిస్తానంటే చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఏదో అన్నాడు కూడా. నాకు పెదాలే కనబడ్డాయి.

ఏమే, మోకాళ్ళంటావేంటి? బోనాలప్పుడు నెత్తిన కుండ పెట్టుకుని గుడిదాకా నడిచావని పూలమ్మే కిష్టమ్మ చెప్పిందే! పూలు తీసుకోవడానికి రోజూ ఇటే వస్తుందిగా, తనతో వచ్చేయ్. పులిహోర కలుపుతాను. నీతో ఒక మాట చెప్పాలి. అది కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా కూర్చునే చెప్పాలి.

ఆయిల్ మార్చేటప్పుడు అడుగున ఉండే బోల్టుకి కొత్త వాషర్ వెయ్యమని మీవాడికి చెప్పు. మా ఆయన బాపిరాజు గారు స్పేర్ పార్టుల కొట్లో ఉన్నన్నాళ్ళూ ఆయిల్ డబ్బా అమ్మితే మూత మీద వాషర్ పెట్టి, దారంతో కట్టి ఇచ్చేవారు. అడక్కపోయినా ఇచ్చేవారు. కట్టేది నేనే.

మరి ఎప్పుడొస్తావు?

సీతామహాలక్ష్మి

* * *

ఎల్.బి.నగర్,
దసరా పోయింది

అక్కా,

ఇది కిష్టమ్మతో పంపుతున్నాను. ఉపేందర్‌కు ఇస్తే "రోజు గీ చిట్టీలేంది, ఒక్క గల్లీల ఉన్నోళ్ళ లెక్క" అని విసుక్కున్నాడు.

పండగ బాగా జరిగింది. మీ మరిది బిక్షమయ్య వదిలిపోయిన పెద్ద పానాను కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, జమ్మి ఆకు వేశాము. నీకు తెలుసు కదా, నల్లాల బిక్షమయ్య అంటే సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల తెలియని వాళ్ళు లేరు. ఆయన అతుకు పెట్టిన పైపు బొట్టు కారితే ఒట్టు. ఒకటే మాట ఆయనది: "కారితే ఇంకో చుట్టు." మరలకు దారం చుట్టాలి, తెల్ల సఫేదా ముద్ద రాయాలి, బిగించాలి. అయినా కారితే ఇంకో చుట్టు బిగించాలి.

ఉపేందర్ బండి కిందికి దూరి పాత ఆయిల్ దింపాడు. నేను పైన బాల్కనీ గ్రిల్లు పట్టుకుని చూస్తున్నాను. కొత్త వాషర్ మాట చెప్పాను. "పాతది మంచిగనే ఉన్నదే. మీది నుంచి టేపు చుడుతున్న, నాయన లెక్క" అన్నాడు. తర్వాత ఆ పెద్ద పానా తగిలించి బిగించాడు. "ఇంకో చుట్టు బిగియ్యి బిడ్డా, పిల్లలెక్కే బండి" అన్నాను. వాడు కాలు తన్నిపెట్టి ఇంకో చుట్టు బిగించాడు. ఎక్కడో టిక్కుమన్నది. వాడికి వినబడలేదు. నాకు వినబడింది.

పొద్దున బండి పోయాక చూస్తే సిమెంటు మీద బొట్టుబిళ్ళంత మరక ఉంది. ఇవాళ గారెంత అయింది. వాడితో అన్నాను.

"అమ్మా, గవి ఏసీ నీళ్ళు."

"నీళ్ళైతే ఆరిపోవాలె గదరా."

"మబ్బు పడితే వరదొచ్చిందంటవ్ నువ్వు. నీ మాట పట్టుకుంటే నేను బండి బయటికి తియ్యనే తియ్య."

వాడన్నది అబద్ధం కాదు. నేను అన్నింటికీ భయపడతాను. మెట్రో స్తంభం ఒరిగినట్టు కనబడుతుందని పోయిన సంవత్సరం ఎంత గోల చేశానో నీకు తెలుసు. కానీ అక్కా, ఇది మరకే.

మోకాళ్ళు ఇంకా అట్లానే ఉన్నాయి.

సుక్కమ్మ

* * *

దిల్‌సుఖ్‌నగర్

సుక్కమ్మా,

ముందు బోల్టు సంగతి. మీవాడికి చదివి వినిపించు.

నల్లా పైపు అతుకు వేరు, ఇది వేరు. పైపు అతుకులో నీళ్ళు ఆగేది మరల దగ్గర. అందుకే దారం చుడతారు, బిగించేకొద్దీ ఆగుతుంది. ఈ బోల్టుకి మరలు పట్టుకోవడానికే. ఆయిల్‌ని ఆపేది తల కింద ఉండే వాషర్. అది మెత్తటిది, నొక్కుకుని సందు మూస్తుంది. ఒకసారి నొక్కుకున్నది మళ్ళీ నొక్కుకోదు, అంచేత మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాలి. పాతది ఒక్కోసారి బోల్టుతో రాకుండా ఆయిల్ నిలిచే చాంబరుకే అంటుకుని ఉండిపోతుంది. అది చూసుకోకుండా మరొకటి వేస్తే రెండూ కలిసి కారతాయి. చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఇసుక రేణువున్నా కారుతుంది. ముందు చేతి వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకి సాఫీగా ఎక్కకపోతే మర తప్పిందని అర్థం. ఆఖర్న చిన్న పానాతో బిగువు తగిలేదాకా, అంతే. చాంబరు అల్యూమినియంది, బోల్టు ఇనుపది. ఇంకో చుట్టు అంటే ఇనుము అల్యూమినియాన్ని కోసేస్తుంది. నువ్వు విన్న టిక్కు అదేనేమో చూపించమను. టేపు వల్ల ఒరిగేదేం లేదు. ముక్కలూడి ఆయిల్లో పడతాయి.

ఇహ నీ సంగతి. కిష్టమ్మని కూర్చోబెట్టి అడిగాను. తను ఒక చేత్తో తాడు వదులుతున్నట్టు, రెండో చేత్తో బుట్ట అందుకుంటున్నట్టు చూపించింది. మెట్లు దిగి ఉత్తరం ఇవ్వలేని మనిషివా? పైనుంచి బుట్టలో ఎందుకు దించుతున్నావు? నా దగ్గర దాచకు.

నేను కూడా దాచను. మా అబ్బాయి వంశీకృష్ణకి విశాఖపట్నం బదిలీ అయింది. ఈ వాటా ఖాళీ చేస్తున్నాం. నన్ను తణుకులో అమ్మాయి బిందుమాధవి దగ్గర దింపుతారు. కార్తీక పౌర్ణమి మర్నాడు ప్రయాణం. ఇక్కడికి మళ్ళీ వస్తానని నేననుకోవడం లేదు. చెప్పాలన్న మాట ఇదే. ఈలోగా నువ్వు రావాలి.

సీతామహాలక్ష్మి

* * *

ఎల్.బి.నగర్

అక్కా,

నీ ఉత్తరం చదివి పొద్దుటి నుంచి నోట్లో ముద్ద పెట్టలేదు. ప్రసన్న అడిగితే పన్ను నొప్పి అన్నాను.

చెబుతాను. ఉపేందర్‌ను ఏమీ అనవద్దు.

వానాకాలంలో ఒకరోజు వాడు ఇంటికి రావడం ఆలస్యమైంది. ఫోను ఎత్తలేదు. నాకు కాళ్ళు నిలవలేదు. చింతలకుంట దాకా పోయి చూద్దామని బయలుదేరి, ఎదురొచ్చిన బస్సు ఎక్కాను. దిగమన్నచోట దిగితే అది అబ్దుల్లాపూర్‌మెట్. అందరూ చుట్టూ చేరి మీ ఇల్లెక్కడ అని అడుగుతుంటే నాకు ఇంటి గుర్తు ఒక్కటి కూడా నోటికి రాలేదు. చాయ్ కొట్టు ఆమె నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. వాడు ఆ వానలో ఠాణాలన్నీ తిరిగి, దవాఖానలు తిరిగి, చివరికి నన్ను దొరికించుకున్నాడు. అందరి ముందే నన్ను పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "నువ్వు మల్ల తప్పిపోతే నిన్ను యాడ దేవులాడాలెనే?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి వాడు, ప్రసన్న పనికి పోయేటప్పుడు మెట్ల గ్రిల్లుకు బయట తాళం వేస్తున్నారు. ప్రసన్న ఒకటి రెండుసార్లు "ఎందుకు, అత్తమ్మ చిన్నపిల్లనా?" అన్నది. వాడు వినలేదు. ఒకరోజు నేను ఊరికే తాళాన్ని గుంజి చూశాను. పక్కింటామె చూసి వాడికి చెప్పింది. రెండో తాళం తెచ్చాడు.

లోపల అన్నీ ఉన్నాయి. అన్నం ఉంది, టీవీ ఉంది, బాల్కనీ ఉంది. గ్రిల్లు సందులో ముఖం పెడితే కింద బండి ఆగే చోటు, ఎదురింటి నీళ్ళ ట్యాంకు, ఇంత ఆకాశం. గ్యాస్ వాసన వచ్చినట్టు అనిపించినప్పుడు ఇల్లంతా తిరిగి మళ్ళీ గ్రిల్లు దగ్గరికే వస్తాను. ఎవరినన్నా పిలుద్దామా అనుకుంటాను. పిలిస్తే వాడి పేరు పోతుంది.

నాకు కోపం రాదు అక్కా. నేను వాడిని చిన్నప్పుడు చెరువు దిక్కు పోనియ్యలేదు, సైకిల్ తొక్కనియ్యలేదు. ఇప్పుడు వాడికి నా భయమే పట్టుకుంది.

నువ్వు రాసింది వాడికి చదివి వినిపించాను. సగంలోనే లేచాడు. "సీతమ్మ పెద్దమ్మకేమెరుక గిప్పటి బండ్లు" అన్నాడు. కానీ పొద్దున కిందికి పోయి, బండి కింద దూరి, ఆ పానాతోనే ఇంకో చుట్టు బిగించి వచ్చాడు. మరక ఇప్పుడు సర్వపిండి రొట్టెంత ఉంది.

పౌర్ణమి లోపల ఎట్లా రావాలి?

సుక్కమ్మ

* * *

దిల్‌సుఖ్‌నగర్

సుక్కమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొయ్యి దగ్గర మంట లేస్తే ఏ దారిన బయటికొస్తావు? ఈ ఒక్క మాట మీవాడిని అడుగు. వాడు మంచివాడే. నేను ఎత్తుకుని అన్నం పెట్టిన పిల్లాడు. కానీ తాళం మంచిది కాదు.

నేనే వచ్చి అడుగుదామంటే వంశీ ఒంటరిగా పంపించడు. హారన్లు వినబడవని రోడ్డు దాటనివ్వడు. చూశావా, నాకూ తాళం ఉంది, ఇనుపది కాదు, అంతే.

సామాను కట్టేస్తున్నారు. నీ పీట మటుకు కట్టనివ్వలేదు. నువ్వొచ్చి కూర్చుని వెళ్ళాక కట్టిస్తాను.

సీతామహాలక్ష్మి

* * *

ఎల్.బి.నగర్

అక్కా,

నేను చేసిన పని వింటే నువ్వు నవ్వుతావో తిడతావో.

బడివాళ్ళు పిల్లలను వనభోజనాలకు హయత్‌నగర్ అవతల తోటకు తీసుకుపోతామన్నారు. హైవే మీద ప్రయాణం. పొద్దున బండి వెనక్కి తీస్తుంటే చూశాను, మరక పెనం కన్నా పెద్దది. మరక కాదు, మడుగు. అందులో ఆకాశం కనబడుతోంది. ప్రసన్న కూడా ముందు సీట్లో ఎక్కింది, కొత్తపేటలో తన దుకాణం దగ్గర దిగుతుంది. పైన రెండు తాళాలూ పడ్డాయి.

"ఉపేందరా, ఆగు బిడ్డా! కింద చూడు!" అని అరిచాను.

వాడు తల కూడా ఎత్తలేదు. చెయ్యి ఊపాడు, సరే సరే అన్నట్టు. నా అరుపు వాడికి అలవాటే కదా.

దిగడానికి లేదు. పక్కనే దోసెల పిండి గిన్నె ఉంది. చెంబుతో తీసి గ్రిల్లు సందులోంచి వంచాను. సరిగ్గా ముందు అద్దం మీద పడింది. వైపర్ వేశాడు, ఇంకా పూసుకుంది. ఇంకో చెంబు వంచాను.

బండి ఆగింది. వాడు దిగాడు.

"ఏందే అమ్మా గిది! పిస లేసిందా?"

ప్రసన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తమ్మా, చట్నీ గూడ ఎయ్యకపోయినవా!" అన్నది. గల్లీలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "ఒంగి చూడురా. ఒక్కసారి ఒంగి చూడు" అన్నాను.

నన్ను తిట్టుకుంటూనే ఒంగాడు. చెయ్యి కిందికి పెట్టి తీస్తే మోచేతి దాకా నలుపు. అప్పుడు కూర్చుండిపోయాడు అక్కడే. ముందు రోజు లోపల ఎర్ర దీపం వెలిగి ఆరిందట, దుమ్మేమో అనుకున్నాడట. నాతో చెబితే నేను గోల చేస్తానని చెప్పలేదు.

పిల్లలకు వేరే బండి పంపించి, మూల మీది మెకానిక్ గోపయ్యను పిలిచాడు. గోపయ్య వేళ్ళతో తిప్పితే బోల్టు ఊరికే తిరిగింది. ఊడివచ్చేటప్పుడు దానికి సేమ్యా పోగుల్లా మెరిసే పోగులు చుట్టుకుని ఉన్నాయి. అవి చాంబరు మరలట.

"దేనితోని బిగించినవే?" అని అడిగాడు గోపయ్య. ఉపేందర్ ఆ పానా చూపించాడు. దాని మీద నేను పెట్టిన కుంకుమ ఇంకా ఉంది.

"అరె, గిది బోరు పైపులు తిప్పేది! గింత ఎందుకు బిగించినవ్?"

"కారుతదని భయమైందన్నా."

"మొదట వాషర్ లేక జరంత చెమ్మ అచ్చింది. నువ్వు భయపడి బిగించినవ్, మరలు పోయినయ్. మల్ల బిగించినవ్, ఉన్నయి గూడ పోయినయ్. హైవే మీదికి పోతే ఊడి పడుతుండె. ఇంజను పట్టేస్తే నడిరోడ్డు మీద, ఎనక లారీలు."

ఉపేందర్ తల ఎత్తి పైకి చూశాడు. నేను గ్రిల్లు పట్టుకుని ఉన్నాను.

పైకి వచ్చాడు. నల్లటి చేతులతో తాళంచెవి తీశాడు కానీ తాళంలో పెట్టలేదు. గ్రిల్లు బయట మెట్టు మీద కూర్చున్నాడు, నేను లోపల గడప మీద. నువ్వు అడగమన్న మాట అడగలేదు అక్కా, నాకు నోరు రాలేదు. వాడే అన్నాడు.

"అమ్మా, పొయ్యి కాడ మంటలేస్తే ఎట్ల బయటికొస్తవే?"

"రాను బిడ్డా" అన్నాను.

లేచి రెండు తాళాలూ తీశాడు.

గోపయ్య చాంబరుకు కొత్త మరలు కోసి, కొత్త బోల్టు, రాగి వాషర్ వేశాడు. నువ్వు రాసినట్టే ముందు వేళ్ళతో తిప్పాడు, తర్వాత బెత్తెడు పానా. "చెయ్యి ఆగిన కాడ ఆగాలె" అని ఉపేందర్ చేత కూడా ఒకసారి పట్టించాడు. ఆయిల్ పోసి, ఇంజను తిప్పి, ఆపి, గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాడు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచాము. పొద్దున చూస్తే అట్ట ఎట్లా ఉన్నది అట్లా ఉంది.

ఒక తాళం తీసి పారేశాడు. రెండోదాని చెవి గుమ్మం పక్కన నేను తాయెత్తు వేలాడదీసిన మేకుకు తగిలించాడు, లోపలి వైపు. మెడలో వేసుకోమని ఇంటి గుర్తు, ఫోను నంబరు రాసిన బిళ్ళ కూడా చేయించి తెచ్చాడు.

ఇంక నీకు సంతోషమే కదా. కానీ అక్కా, నిన్న చెవి తీసుకుని గ్రిల్లు తెరిచి మెట్ల దాకా పోయాను. ఒక మెట్టు దిగాను. వాన, బస్సు, ఆ చాయ్ కొట్టు బల్ల, అందరూ చుట్టూ నిలబడి అడగడం, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. తిరిగి వచ్చి లోపలి నుంచి గడియ వేసుకున్నాను. వాడు తీసిన తాళం నేను వేసుకున్నట్టయింది.

రేపు ఆదివారం ఉపేందర్‌నే తీసుకుపొమ్మని అడగవచ్చు. అడిగితే తీసుకుపోతాడు. కానీ వాడి వెనక దాక్కుని వస్తే నేను వచ్చినట్టు కాదు.

సుక్కమ్మ

* * *

దిల్‌సుఖ్‌నగర్

సుక్కమ్మా,

దోసెల పిండి సంగతి మావాళ్ళందరికీ చదివి వినిపించాను. వంశీ కూడా నవ్వాడు.

భయం పోయాక రావాలనుకుంటే నువ్వు ఈ జన్మలో రావు. భయాన్ని కూడా తీసుకునిరా, ఇద్దరికీ చోటుంది. కిష్టమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగు. పౌర్ణమి రోజు పొద్దున వీళ్ళంతా గుడికి వెళతారు, నేను ఇంట్లోనే ఉంటాను. మర్నాడు తెల్లవారుతూనే కారు.

పీట ఇంకా కట్టలేదు.

సీతామహాలక్ష్మి

* * *

దిల్‌సుఖ్‌నగర్,
మీ తలుపు ముందు

అక్కా,

కిష్టమ్మ పూల కాగితపు సంచి వెనక రాస్తున్నాను, పెన్ను ఎదురింటి వాళ్ళది. అక్షరాలు వంకరగా ఉంటే గోడ గరుకు అనుకో.

వచ్చాను. కిష్టమ్మ మీ గల్లీ మొదట్లో వదిలి బేరానికి పోయింది. మిగతాది ఒక్కదాన్నే నడిచాను. మెడలో బిళ్ళ ఉంది కానీ చూసుకోలేదు, మీ ఇంటి గుర్తు నోటికే వచ్చింది. మా గ్రిల్లుకు తాళం నేనే వేశాను, బయట నిలబడి. లోపలి నుంచి చూస్తే ఎంత పెద్దగా ఉండేదో, బయటి నుంచి చూస్తే తాళం ఇంతే ఉంది. గ్యాస్ ఆపానా లేదా అని నీళ్ళ ట్యాంకు దాకా వచ్చాక గుర్తొచ్చింది, వెనక్కి పోయి చూసి వచ్చాను, ఆపే ఉంది.

ఇందాకటి నుంచి బెల్లు కొడుతున్నాను. నీకు వినబడటం లేదు. తలుపు బాదాను, ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు కానీ నువ్వు రాలేదు. ముందే వెళ్ళిపోయారేమోనని కిటికీలోంచి చూస్తే గోడ పక్కన పీట కనబడింది. నీ చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి.

ఈ కాగితం తలుపు కింది సందులోంచి తోస్తున్నాను. నేల మీద తెల్లగా ఏదో కదిలినట్టు కనబడితే, అది నేనే.

గొళ్ళెం నీ వైపున ఉంది. తియ్యి.

సుక్కమ్మ